కాంటాక్ట్ లెన్స్‌తో జిమ్, గ్రౌండ్‌కు వెళ్తున్నారా..? చెమటతో కాదు, నీళ్లతోనే అసలు డేంజర్!

పొద్దున్నే వాకింగ్, సాయంత్రం జిమ్, ఆదివారం వస్తే షటిల్ కోర్టో క్రికెట్ గ్రౌండో. ఈ అలవాటు ఇప్పుడు చిన్న టౌన్లకూ పాకింది. సైట్ ఉన్నవాళ్లకు అక్కడ మొదటి తలనొప్పి కళ్లద్దాలతోనే. చెమటకు జారిపోతాయి, ఏసీ గదిలోంచి బయటికి రాగానే ఆవిరి పట్టేస్తాయి, బంతి తగిలితే ముక్కు మీదే విరుగుతాయి. అందుకే చాలామంది కాంటాక్ట్ లెన్స్‌కు మారుతున్నారు. అంతవరకు బాగానే ఉంది. కానీ లెన్స్ పెట్టుకుని ఆడేవాళ్లు భయపడేది ఒకదానికి, నిజంగా ముప్పు వచ్చేది ఇంకోదానితో. చెమట పడితే లెన్స్ పాడైపోతుందేమో, పరిగెత్తితే ఊడి పడిపోతుందేమో అని కంగారు పడతారు. తీరా ఆట అయిపోగానే కుళాయి తిప్పి, అదే లెన్స్ ఉన్న కళ్ల మీద దోసిళ్లతో నీళ్లు కొట్టుకుంటారు. కంటి డాక్టర్లు వద్దు మొర్రో అని మొత్తుకునేది ఈ రెండో పని గురించే.

ఆటలో అద్దాల కంటే లెన్స్ ఎందుకు మేలు?

కళ్లద్దాలతో పెద్ద స్థాయిలో ఆడినవాళ్లు లేకపోలేదు. వెస్టిండీస్‌కు రెండు వరల్డ్ కప్‌లు తెచ్చిన క్లైవ్ లాయిడ్, న్యూజిలాండ్ స్పిన్నర్ డేనియల్ వెటోరీ అద్దాలతోనే ఆడారు. మన వీరేంద్ర సెహ్వాగ్ కూడా 2013లో ఆస్ట్రేలియాతో టెస్టుల్లో కళ్లద్దాలు పెట్టుకునే బ్యాటింగ్‌కు దిగాడు. అనిల్ కుంబ్లే కథ వేరు. 1990లో ఇంగ్లండ్‌లో టెస్టుల్లోకి వచ్చినప్పుడు ముఖం మీద పెద్ద అద్దాలు ఉండేవి, ఆ తర్వాత లెన్స్‌కు మారాడు.

తేడా ఎక్కడంటే.. అద్దం కంటికి కొంచెం దూరంలో ఉంటుంది. నేరుగా చూస్తే బాగానే కనిపిస్తుంది కానీ, కంటి కొసల నుంచి చూసినప్పుడు ఫ్రేమ్ అడ్డొస్తుంది, ఫ్రేమ్ అవతల అంతా మసకే. పక్క నుంచి దూసుకొచ్చే బంతిని, కబడ్డీలో పక్కన మాటు వేసిన డిఫెండర్‌ను అద్దాలవాళ్లు తల తిప్పి చూడాలి. లెన్స్ అయితే కంటితో పాటే తిరుగుతుంది. పైగా మైనస్ పవర్ ఎక్కువ ఉన్నవాళ్లకు అద్దాల్లో వస్తువు అసలు సైజు కంటే చిన్నగా కనిపిస్తుంది. లెన్స్‌లో ఆ తేడా చాలావరకు పోతుంది. మొదటిసారి లెన్స్ పెట్టుకుని క్యాచ్ పట్టబోయిన కుర్రాళ్లకు బంతి పెద్దగా, దగ్గరగా అనిపించడానికి కారణం అదే. రెండు మూడు రోజులు ప్రాక్టీస్‌లో అలవాటు చేసుకున్నాకే మ్యాచ్‌కు పెట్టుకోవడం మంచిది. ఫైనల్ రోజే కొత్త లెన్స్ ఓపెన్ చేయొద్దు.

పరిగెత్తితే ఊడిపోతుందా?

అందరూ అడిగే ప్రశ్న ఇదే. సాఫ్ట్ లెన్స్ అయితే అంత తేలిగ్గా ఊడదు. కంటి నల్లగుడ్డు మీద ఉండే పారదర్శక పొరను కార్నియా అంటారు. దాని వెడల్పు 11 నుంచి 12 మిల్లీమీటర్లు. సాఫ్ట్ లెన్స్ వెడల్పు దాదాపు 14 మిల్లీమీటర్లు. అంటే కార్నియాను దాటి తెల్లగుడ్డు మీదకు కూడా కొంచెం వస్తుంది, దాని అంచులు రెప్పల కింద ఉంటాయి. గెంతినా, దొర్లినా, శీర్షాసనం వేసినా అది కదలదు. గట్టి లెన్స్‌లు, అంటే ఆర్‌జీపీ రకం, 9 లేదా 10 మిల్లీమీటర్లే ఉంటాయి. కార్నియా మీదే తేలుతుంటాయి. వాటికి ఊడే ప్రమాదం ఎక్కువ, కంట్లో దుమ్ము పడితే మంట కూడా ఎక్కువే. కార్నియా శంకువులా పొడుచుకొచ్చే కెరటోకోనస్ సమస్య ఉన్నవాళ్లు గట్టి లెన్స్ వాడుతుంటారు. అలాంటివాళ్లు ఆటలాడాలనుకుంటే ముందే డాక్టర్‌కు ఆ మాట చెప్పాలి. తెల్లగుడ్డు మీద ఆనుకుని ఉండే పెద్ద స్క్లెరల్ లెన్స్‌లు కూడా ఉన్నాయి.

ఇంకో భయం. లెన్స్ కంటి వెనక్కి వెళ్లిపోయి మెదడు దగ్గర ఇరుక్కుంటుందని కొందరు నమ్ముతారు. అది జరగని పని. రెప్ప లోపలి పొర వెనక్కి మడిచి కంటిగుడ్డుకే అతుక్కుని ఉంటుంది, అక్కడ దారే లేదు. లెన్స్ మాయమైనట్టు అనిపిస్తే సాధారణంగా పైరెప్ప కింద మడత పడి ఉంటుంది. చేతులు కడుక్కుని, లెన్స్ ఉన్నప్పుడు వాడదగ్గ చుక్కల మందు వేసి, కిందికి చూస్తూ రెప్ప మీద మెల్లగా నిమిరితే బయటికి వస్తుంది. రాకపోతే గోళ్లతో వెతకొద్దు, డాక్టర్ దగ్గరికి వెళ్లండి. ఒక్కోసారి అది అసలు కంట్లోనే ఉండదు, ఎప్పుడో గ్రౌండ్‌లో పడిపోయి ఉంటుంది. లేని లెన్స్ కోసం కన్ను గీరుకుని పుండు చేసుకునేవాళ్లూ ఉంటారు.

వారానికి రెండు రోజులు ఆడేవాళ్లకు ఏది బెటర్?

మార్కెట్‌లో నెల రోజుల లెన్స్, పదిహేను రోజుల లెన్స్, ఒక్కరోజు వాడి పారేసేవి.. ఇలా దొరుకుతాయి. ఆటలకు మాత్రం ఒక్కరోజు లెన్స్‌దే పైచేయి. రోజూ కొత్తది, శుభ్రమైనది. కడగాల్సిన పని లేదు, డబ్బా అక్కర్లేదు, సొల్యూషన్ అక్కర్లేదు. దుమ్ము పడినా, నీళ్లు పడినా తీసి పారేయడానికి మనసు వెనకాడదు. నెల లెన్స్ అయితే, డబ్బులు పెట్టి కొన్నాం కదా అని ఎలాగోలా కడిగి మళ్లీ పెట్టేసుకుంటాం. తప్పు అక్కడే మొదలవుతుంది.

ధర ఎక్కువ కదా అంటారు. రోజూ పెట్టుకుంటే ఎక్కువే. కానీ అద్దాలతోనే రోజులు గడిపి, ఆటకు మాత్రమే లెన్స్ పెట్టుకునేవాళ్ల లెక్క వేరు. వారానికి రెండు రోజులంటే నెలకు 8 లేదా 9 జతలు. 30 లెన్స్‌ల బాక్స్ ఒకటి కొంటే, రెండు కళ్లకూ ఒకే పవర్ అయితే 15 జతలు వస్తాయి. దాదాపు నెలన్నర పైనే వస్తుంది. రెండు కళ్లకు వేర్వేరు పవర్ ఉంటే రెండు బాక్సులు కొనాలి, అవి మూడు నెలలు దాటి వస్తాయి. నెల లెన్స్‌లో చాలామందికి తెలియని మెలిక ఒకటుంది. ప్యాక్ తెరిచిన రోజు నుంచే నెల లెక్క మొదలవుతుంది. నాలుగుసార్లే పెట్టుకున్నాను, ఇంకా 26 రోజులు మిగిలాయి అనే లెక్క చెల్లదు.

సిలిండర్ పవర్ ఉన్నవాళ్లకు టోరిక్ లెన్స్ ఇస్తారు. అది కంట్లో ఒకే దిక్కున నిలబడాలి, పక్కకు తిరిగితే చూపు మసకబారుతుంది. అందుకే దాని ఫిట్టింగ్ చూడాల్సింది కుర్చీలో కూర్చోబెట్టి మాత్రమే కాదు. ఏ ఆట ఆడతారో డాక్టర్‌కు చెప్పండి. అలాగే కళ్లద్దాల చీటీ పట్టుకుని ఆన్‌లైన్‌లో లెన్స్ ఆర్డర్ పెట్టేయొద్దు. పవర్ నాలుగు దాటితే అద్దాల నంబరు, లెన్స్ నంబరు ఒకటి కావు. కార్నియా వంపు కొలవకుండా తీసుకున్న లెన్స్ బిగుతైనా ఇబ్బందే, వదులైనా ఇబ్బందే. ఫ్రెండ్ దగ్గర కలర్ లెన్స్ అరువు తెచ్చుకోవడం గురించి వేరే చెప్పక్కర్లేదు అనుకుంటాం. కానీ చెప్పాల్సి వస్తోంది. వద్దు.

చెమట పడితే ఏం చేయాలి?

చెమటలో ఉప్పు ఉంటుంది కాబట్టి మండుతుంది. కాసేపటికి కన్నీళ్లే దాన్ని కడిగేస్తాయి. చెమట వల్ల లెన్స్ కరిగిపోవడం, కంటికి అంటుకుపోవడం లాంటివి ఉండవు. ఇబ్బంది చెమటతో కాదు, దాన్ని తుడిచే చేతితో. అప్పటిదాకా డంబెల్ పట్టుకున్న చెయ్యి, పదిమంది పట్టుకున్న ట్రెడ్‌మిల్ హ్యాండిల్ పట్టుకున్న చెయ్యి, మట్టిలో బంతి తీసిన చెయ్యి నేరుగా కంట్లోకి వెళ్తుంది. వెయిట్ లిఫ్టింగ్ చేసేవాళ్ల చేతులకు తెల్ల పౌడర్ ఉంటుంది, అది లెన్స్ కింద చేరితే ఇక చూడండి. నుదుటికి కాటన్ బ్యాండ్ కట్టుకుంటే సగం సమస్య పోతుంది. మిగతా సగానికి భుజం మీద శుభ్రమైన టవల్ చాలు. దాంతో కూడా నుదురు, కనుబొమల దగ్గరే అద్దాలి, కన్ను రుద్దకూడదు.

లెన్స్ పెట్టుకునే టైమ్ కూడా ముఖ్యమే. జిమ్ వాష్‌రూమ్‌లో, బండి అద్దంలో చూసుకుంటూ పెట్టుకోవద్దు. ఇంట్లోనే సబ్బుతో చేతులు కడిగి, నూగు రాలని గుడ్డతో పూర్తిగా తుడుచుకుని పెట్టుకోవాలి. తడి చేత్తో పట్టుకుంటే కుళాయి నీళ్లను లెన్స్‌కు అంటించినట్టే. లెన్స్ ముందు, ముఖానికి క్రీమ్, సన్‌స్క్రీన్ తర్వాత. ఈ వరస తిరగబడితే వేళ్లకున్న జిడ్డు లెన్స్‌కు పట్టి గంటసేపు అంతా పొగమంచులోంచి చూసినట్టే ఉంటుంది. సన్‌స్క్రీన్ చెమటతో కలిసి కంట్లోకి కారితే ఉప్పు కంటే గట్టిగా మండుతుంది, కాబట్టి కనుబొమల పైన తక్కువగా రాసుకోవడం నయం. ఇక పచ్చిమిర్చి కోసిన చేత్తో, ఆవకాయ కలిపిన చేత్తో లెన్స్ ముట్టుకున్నవాళ్లకు ఆ అనుభవం జన్మలో మర్చిపోలేనిది. ఒక్కసారి కడిగితే కారం పోదు. వంట పని ఉంటే లెన్స్ పెట్టుకున్నాకే మొదలుపెట్టండి.

అసలు డేంజర్ ఇక్కడే!

కుళాయి నీళ్లు, బోరు నీళ్లు, స్విమ్మింగ్ పూల్, చెరువు, నది, సముద్రం.. ఇవేవీ సూక్ష్మజీవులు లేని నీళ్లు కావు. వాటిలో అకాంథమీబా అనే ఏకకణ జీవి ఉంటుంది. మట్టిలోనూ ఉంటుంది. మామూలుగా మన కంటికి అదేమీ చేయదు, రెప్ప వేసినప్పుడల్లా కన్నీళ్లు దాన్ని తోసేస్తాయి. లెన్స్ ఉన్నప్పుడు పరిస్థితి మారుతుంది. నీళ్లతో వచ్చిన జీవి లెన్స్‌కు అతుక్కుంటుంది, గంటల తరబడి కార్నియా మీదే కూర్చుంటుంది. కార్నియా మీద చిన్న గీత ఉన్నా చాలు, లోపలికి దిగిపోతుంది. దానికి ఇంకో విద్య ఉంది. పరిస్థితి అనుకూలించనప్పుడు తన చుట్టూ గట్టి పెంకు కట్టుకుని తిత్తిలా మారిపోతుంది. పూల్‌లో వేసే క్లోరిన్ ఆ పెంకును ఛేదించలేదు. కాబట్టి క్లోరిన్ వాసన ఘాటుగా వస్తోంది, నీళ్లు శుభ్రమే అన్న ధైర్యం పనికిరాదు.

ఈ ఇన్ఫెక్షన్ తరచుగా రాదు. వచ్చిందంటే మాత్రం నెలల తరబడి మందులు వేయాల్సి వస్తుంది, మొదట్లో గంట గంటకూ చుక్కలు వేయమంటారు. తగ్గాక కూడా కంట్లో పువ్వు మిగిలిపోయి చూపు తగ్గొచ్చు, కొందరికి కార్నియా మార్పిడి తప్పదు. విదేశాల్లో ఈ జబ్బు బారిన పడేవాళ్లలో ఎక్కువమంది లెన్స్ వాడేవాళ్లే. మన దగ్గర లెన్స్ జోలికే వెళ్లనివాళ్లలోనూ ఇది వస్తోందని హైదరాబాద్‌లోని ఎల్‌వీ ప్రసాద్ కంటి ఆస్పత్రి పరిశోధకులు చాలా ఏళ్ల కిందటే గుర్తించారు. కంట్లో మట్టి పడటం, మురికి నీళ్లు చిమ్మడమే దానికి దారి. అంటే మన నేలలో, మన నీళ్లలో ఆ జీవికి కొదవ లేదు. లెన్స్ పెట్టుకున్నవాళ్లు దానికి ఇంకో తలుపు తెరుస్తున్నారంతే.

నీళ్లతో రెండో చిక్కు కూడా ఉంది. కన్నీళ్లలో ఉన్నంత ఉప్పు కుళాయి నీళ్లలో, పూల్ నీళ్లలో ఉండదు. అవి తగలగానే సాఫ్ట్ లెన్స్ బిగుసుకుపోయి కార్నియాకు అతుక్కుంటుంది. ఈత కొట్టి బయటికి రాగానే లాగి తీసేస్తే పైపొర కూడా లేచి వచ్చే ప్రమాదం ఉంది. లెన్స్‌కు పనికొచ్చే చుక్కలు వేసుకుని, కాసేపు ఆగి, లెన్స్ కదులుతోందని తెలిశాకే తీయాలి.

మరి ఈత ఎలా? లెన్స్ తీసేసి, పవర్ ఉన్న స్విమ్మింగ్ గాగుల్స్ పెట్టుకోండి. మైనస్ పవర్‌వి రెడీమేడ్‌గానే దొరుకుతాయి. మీ నంబరు పాయింటు తేడా లేకుండా దొరక్కపోయినా, పూల్ అంచు, ఎదురుగా వచ్చేవాళ్లు కనిపిస్తే చాలు కదా. లెన్స్ లేకుండా కుదరదు అనుకునేవాళ్లు ఒక్కరోజు లెన్స్ పెట్టుకుని, దానిపైన నీళ్లు చొరబడని బిగుతైన గాగుల్స్ వేసుకుని, బయటికి రాగానే ఆ లెన్స్‌ను పారేయాలి. ఇది రాజీ మార్గం, డాక్టర్లు ఇచ్చే మొదటి సలహా కాదు. హుస్సేన్‌సాగర్‌లో సెయిలింగ్, కయాకింగ్ నేర్చుకునే పిల్లలకూ ఇదే వర్తిస్తుంది, అక్కడ నీళ్లలో దిగకపోయినా ముఖం మీదకు చిమ్ముతూనే ఉంటాయి. విశాఖ బీచ్‌లో వాలీబాల్ ఆడి, ఆ ఊపులోనే సముద్రంలోకి దూకేవాళ్లు ఒడ్డునే లెన్స్ తీసేయాలి.

ఈత అంటే అందరూ జాగ్రత్త పడతారేమో గానీ స్నానం దగ్గర మర్చిపోతారు. వర్కవుట్ అయ్యాక జిమ్‌లోనే షవర్ చేసేవాళ్లు లెన్స్ తీసేశాకే నీళ్ల కిందికి వెళ్లాలి. స్టీమ్ బాత్‌కూ అంతే. డ్రింక్స్ బ్రేక్‌లో బాటిల్ నీళ్లు నెత్తిన గుమ్మరించుకోవడం మన గ్రౌండ్‌లలో మామూలే. ఎండకు అది కావాలి కూడా, కాదనలేం. మెడ మీద, తల వెనక పోసుకోండి, ముఖానికి తడి టవల్ అద్దుకోండి. మినరల్ వాటర్, ఆర్‌వో వాటర్, కాచి చల్లార్చిన నీళ్లు.. తాగడానికి మంచివే, లెన్స్‌కు మాత్రం పనికిరావు. ఇంట్లో ఉప్పు కలిపి చేసుకున్న సెలైన్ కూడా అంతే. చల్లగా ఉంటుందని రోజ్ వాటర్ చుక్కలు వేసుకోవడం ఇంకా అధ్వానం.

కింద పడిన లెన్స్ సంగతి కూడా ఇక్కడే చెప్పుకోవాలి. నోట్లో పెట్టుకుని తడిపి మళ్లీ కంట్లో పెట్టేసుకునేవాళ్లు ఉన్నారు. ఉమ్ములో ఉండే బ్యాక్టీరియాను ఏరికోరి కంట్లో వేసుకోవడమే అది. ఒక్కరోజు లెన్స్ అయితే పారేయండి. నెల లెన్స్ అయితే సొల్యూషన్‌తో రుద్ది కడిగి, దాంట్లోనే ఆ బాటిల్ మీద రాసినంతసేపు నానబెట్టాలి. అంటే ఆ రోజుకు ఆ లెన్స్‌తో ఆట లేనట్టే. అందుకే కిట్ బ్యాగ్‌లో ఒక కొత్త జత, మామూలు కళ్లద్దాలు తప్పనిసరిగా ఉండాలి.

లెన్స్ పెట్టుకున్నంత మాత్రాన కంటికి రక్షణ లేదు

కళ్లద్దాలు తీసేసి లెన్స్‌కు మారినవాళ్లు ఒకటి గమనించరు. కంటి ముందు ఇప్పుడు ఏ అడ్డూ లేదు. సాఫ్ట్ లెన్స్ చూపును సరిచేస్తుంది, దెబ్బను ఆపదు. అమలాపురం కుర్రాడు సాత్విక్ సాయిరాజ్ కొట్టిన స్మాష్ వేగం గంటకు 565 కిలోమీటర్లు, 2023లో గిన్నిస్ రికార్డుకెక్కింది. అది ప్రత్యేకంగా పెట్టిన పరీక్షలో కొట్టినది, మన కాలనీ కోర్టులో అంత వేగం ఉండదు. కానీ షటిల్ కార్క్ ఎంత చిన్నదో చూడండి. పెద్ద బంతి వస్తే కంటి చుట్టూ ఉన్న ఎముక చాలావరకు కాచుకుంటుంది, కార్క్ మాత్రం ఆ గుంటలోకి సరిగ్గా దూరిపోతుంది. డబుల్స్‌లో నెట్ దగ్గర ఉన్నవాళ్లు వెనకవాళ్లు ఏం చేస్తున్నారో అని తల తిప్పి చూస్తారు, అప్పుడే తగులుతుంది. స్క్వాష్ బంతిదీ అదే తంతు.

క్రికెట్‌లో వికెట్ కీపర్లను అడిగితే తెలుస్తుంది. 2000లో ఢాకాలో ఆసియా కప్ ఆడుతుండగా కుంబ్లే బౌలింగ్‌లో బంతి లేచి కంటికి తగలడంతో సబా కరీం కెరీర్ దాదాపు అక్కడే ఆగిపోయింది. 2012లో టాంటన్‌లో బెయిల్ ఎగిరొచ్చి కంట్లో తగిలి దక్షిణాఫ్రికా కీపర్ మార్క్ బౌచర్ ఆటకే గుడ్‌బై చెప్పాల్సి వచ్చింది. బంతి కూడా కాదు, బెయిల్!

అందుకని షటిల్, స్క్వాష్, హాకీ ఆడేవాళ్లు లెన్స్ పైన పాలీకార్బొనేట్ స్పోర్ట్స్ గాగుల్స్ వేసుకోవడం మేలు. గాజులా పగలదు, బరువూ ఉండదు. పవర్ వేయించి కూడా చేయించుకోవచ్చు, అప్పుడు లెన్స్ గొడవే లేదు. నిజం చెప్పాలంటే అకాడమీకి వెళ్లే పదేళ్ల పిల్లాడికి లెన్స్ కంటే ఇదే సుఖం. లెన్స్ వాడకానికి ఫలానా వయసు అని గీత లేదు, తన లెన్స్ తానే శుభ్రంగా చూసుకోగలిగితే పిల్లలకూ ఇస్తారు. అమ్మ వెంటపడి గుర్తు చేస్తే తప్ప చేతులు కడగని పిల్లాడికి మాత్రం ఇంకొన్నాళ్లు ఆగాలి. కబడ్డీలో గాగుల్స్ కుదరవు, కాబట్టి అక్కడ ఎదుటివాళ్ల గోళ్లు కత్తిరించి ఉన్నాయా లేదా అన్నది మీ కంటికి సంబంధించిన విషయమే.

సైక్లింగ్, లాంగ్ రన్ చేసేవాళ్ల సమస్య గాలి. ఎదురుగాలికి, జిమ్‌లో ఫ్యాన్‌కు, ఏసీకి లెన్స్ ఎండిపోతుంది. ఆట మీదే ధ్యాస పెట్టినప్పుడు రెప్ప వేయడం కూడా తగ్గిపోతుంది. ముఖానికి ఒంపు తిరిగి ఉండే చలువ అద్దాలు పెట్టుకుంటే గాలి, దుమ్ము, పురుగులు మూడూ ఆగుతాయి. కొన్ని లెన్స్‌లకు యూవీ కిరణాలను ఆపే గుణం ఉంటుంది కానీ అవి కన్నంతా కప్పవు, రెప్పలను కాపాడవు. చుక్కలు వేసుకోవాలంటే లెన్స్ మీద వాడొచ్చని రాసి ఉన్నవే తీసుకోండి. ఎరుపు తగ్గించే మామూలు చుక్కల్లో ఉండే ప్రిజర్వేటివ్‌లు సాఫ్ట్ లెన్స్‌లోకి ఇంకిపోతాయి.

డబ్బా, సొల్యూషన్, బండి డిక్కీ

నెల లెన్స్ వాడేవాళ్ల అసలు పరీక్ష ఆట అయ్యాక మొదలవుతుంది. లెన్స్‌ను అరచేతిలో వేసి, సొల్యూషన్ పోసి, వేలితో రుద్ది, మళ్లీ సొల్యూషన్‌తోనే కడిగి డబ్బాలో పెట్టాలి. రుద్దక్కర్లేదని బాటిల్ మీద రాసి ఉన్నా రుద్దడమే మంచిది. నిన్నటి సొల్యూషన్ మీదే ఇవాళ కొంచెం పోసి సరిపెట్టొద్దు, అది నిన్నటి పులుసులో ఇవాళ నీళ్లు కలిపినట్టు. డబ్బాను కూడా నీళ్లతో కడగకూడదు. సొల్యూషన్‌తోనే కడిగి, టిష్యూ మీద బోర్లించి ఆరనివ్వాలి. మూడు నెలలకోసారి డబ్బా మార్చేయాలి. ఇన్ఫెక్షన్‌లు ఎక్కువగా పుట్టే చోటు ఆ చిన్న డబ్బానే.

సొల్యూషన్‌ను చిన్న సీసాలోకి వంపుకుని కిట్‌లో వేసుకోవడం కూడా వద్దు, వంపగానే దాని శుభ్రత పోయినట్టే. హైడ్రోజన్ పెరాక్సైడ్ రకం సొల్యూషన్ వాడేవాళ్లు దాంతో పాటు ఇచ్చే డబ్బానే వాడాలి. అది పూర్తిగా విరిగేదాకా ఆగకుండా లెన్స్ కంట్లో పెట్టుకుంటే నిప్పు పడ్డట్టే ఉంటుంది. ఇక మే నెల ఎండలో బండి డిక్కీలో, కారు డ్యాష్‌బోర్డు మీద కిట్ పడేసి వెళ్లేవాళ్లు ఉన్నారు. ఆ వేడికి సొల్యూషన్ పనితనం తగ్గిపోవచ్చు. బ్యాగ్ వెంట తీసుకెళ్లండి.

టోర్నమెంట్‌లకు రాత్రి బస్సులో, రైలులో వెళ్లే టీమ్‌లకు ఒక మాట. లెన్స్ కంట్లోనే ఉంచుకుని నిద్రపోతే ఇన్ఫెక్షన్ ముప్పు 6 నుంచి 8 రెట్లు పెరుగుతుంది. కార్నియాకు రక్తనాళాలు ఉండవు, ఆక్సిజన్ గాలి నుంచే తీసుకుంటుంది. రెప్ప మూసుకుంటేనే అది తగ్గుతుంది, దాని కింద లెన్స్ కూడా ఉంటే ఇంకా తగ్గుతుంది. ఎక్కగానే లెన్స్ తీసేసి అద్దాలు పెట్టుకుని కూర్చోండి. యోగా క్లాసులో శవాసనం వేసి అక్కడే గుర్రు పెట్టేవాళ్లకూ ఇదే మాట.

కన్ను ఎర్రబడితే ఆగొద్దు

ఆట అయ్యాక కొంచెం ఎర్రగా ఉండి, లెన్స్ తీయగానే తగ్గిపోతే కంగారు లేదు. కానీ లెన్స్ తీసేశాక కూడా నొప్పి, ఎరుపు, వెలుతురు చూడలేకపోవడం, నీళ్లు కారడం, మసక.. వీటిలో ఏ ఒక్కటి ఉన్నా అదే రోజు కంటి డాక్టర్‌ను కలవాలి. నల్లగుడ్డు మీద తెల్ల చుక్క కనిపిస్తే గంటలు కూడా ముఖ్యమే. లెన్స్ వాడేవాళ్లలో ఎక్కువగా కనిపించే సూడోమోనాస్ బ్యాక్టీరియా ఒకటి రెండు రోజుల్లోనే కార్నియాను కరిగించేయగలదు. అకాంథమీబా నెమ్మది, కానీ కంట్లో కనిపించే ఎరుపుకు పొంతన లేనంత నొప్పి పెడుతుంది. మొదట్లో దాన్ని వేరే ఇన్ఫెక్షన్ అనుకునే అవకాశం కూడా ఎక్కువ. అందుకే 'నేను లెన్స్ పెట్టుకుని ఈత కొట్టాను' అని మీరే ముందు చెప్పాలి, డాక్టర్ అడిగేదాకా ఆగొద్దు.

కళ్లకలక అనుకుని మెడికల్ షాపులో చుక్కల మందు అడిగి వేసుకోవడం మన దగ్గర పెద్ద అలవాటు. వాటిలో కొన్నింటిలో స్టెరాయిడ్ ఉంటుంది. వేయగానే ఎరుపు తగ్గి హాయిగా అనిపిస్తుంది, లోపల ఫంగస్ లాంటివి ఉంటే అవి ఆ హాయిలోనే విస్తరిస్తాయి. తల్లిపాలు, తేనె, ఆముదం, నందివర్ధనం పూల రసం.. ఇవీ వేయొద్దు. కంటికి కట్టు కట్టి మూసేయొద్దు.

తీసిన లెన్స్‌ను, డబ్బాను, సొల్యూషన్ బాటిల్‌ను పారేయకుండా వెంట తీసుకెళ్లండి. కంట్లోంచి తీసిన నమూనాలో ఏమీ దొరక్కపోయినా, ల్యాబ్‌లో ఆ డబ్బాలో దొరికిన సూక్ష్మజీవిని బట్టి ఏ మందు వాడాలో డాక్టర్లకు ఒక దారి దొరుకుతుంది. కన్ను తగ్గాక కూడా డాక్టర్ సరే అనేదాకా లెన్స్ ముట్టుకోకూడదు. ఆ తర్వాత మొదలుపెట్టినా పాత లెన్స్, పాత డబ్బా, సగం వాడిన సొల్యూషన్ ఏదీ మళ్లీ వాడొద్దు, అన్నీ కొత్తవే తీసుకోవాలి. ఈలోపు ఆట మానలేం అనుకునేవాళ్లు కనీసం పవర్ గాగుల్స్‌తో వెళ్లొచ్చా అని డాక్టర్‌నే అడగండి. పుండు మానని కన్నుతో గ్రౌండ్‌లో దుమ్ములోకి దిగడానికి చాలామంది డాక్టర్లు ఒప్పుకోరు.